ఫైలు పేరు తెలుగులో ఉంటే తప్పెవరిది?

ఆన్‌లైన్ దరఖాస్తుల్లో "పత్రం జత చేయండి" అన్న బటన్ కింద చిన్న అక్షరాల్లో ఒక గమనిక ఉంటుంది, మీరూ చూసే ఉంటారు. "ఫైలు పేరులో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు మాత్రమే ఉండాలి. మధ్యలో ఖాళీలు వదలరాదు." ఫారమంతా తెలుగులోనే ఉంటుంది. పేరు, ఊరు, తండ్రి పేరు తెలుగులో కొట్టినా తీసుకుంటుంది. జత చేసే కాగితం పేరు దగ్గరికొచ్చేసరికి మాత్రం తెలుగు పనికిరాదు. నెట్ సెంటర్ కుర్రాళ్ళకి ఇది ఎంత అలవాటైపోయిందంటే, మనం పెన్‌డ్రైవ్‌లో "రేషన్ కార్డు" అని తీసుకెళ్ళిన ఫైలుని ఒక్క మాట కూడా అడక్కుండా "ఆర్‌సీ1" అని మార్చేసి ఎక్కిస్తారు.

ఇలాంటి ఫారాల వెనకాల సర్వర్ పని చేసి బతికేవాణ్ణి నేను. ఆ గమనికకి సాంకేతిక కారణమంటూ ఏదీ లేదని గట్టిగా చెప్పగలను. ఉన్నదల్లా సర్వర్‌లో ఎవరూ పట్టించుకోకుండా వదిలేసిన ఒక సెట్టింగు, ఎవరో ఎక్కడినుంచో తెచ్చి అతికించిన ఒక ఫిల్టరు. వాటిని సరిచేయడానికి బద్ధకించి ఆ బరువు దరఖాస్తు పెట్టుకునేవాళ్ళ నెత్తిన వేశారు. ఈ మాట మీటింగుల్లో అన్నప్పుడల్లా "ఎన్‌కోడింగ్ గొడవలండీ, అవి మన చేతిలో లేవు" అని జవాబొస్తుంది (ఎన్‌కోడింగ్ అంటే అక్షరాలని కంప్యూటరు దాచుకునే బైట్లుగా మార్చే పద్ధతి). మన చేతిలోనే ఉన్నాయి. ఎలాగో చెప్తాను.

బటన్ నొక్కగానే బ్రౌజరు చేసే పని చూద్దాం. ఫారంలో ఉన్నవన్నీ కలిపి ఒక్క మూటగా కట్టి హెచ్‌టీటీపీ (బ్రౌజరూ సర్వరూ మాట్లాడుకునే పద్ధతి) రిక్వెస్టు బాడీలో, అంటే అసలు సరుకుండే భాగంలో, పెడుతుంది. దీన్నే మల్టీపార్ట్ ఫామ్-డేటా అంటాం. ఒక్కో గడికి ఒక్కో భాగం. భాగానికీ భాగానికీ మధ్య బౌండరీ అనే ఒక గీత, అంటే ఫైలు లోపల ఎక్కడా తగలదని నమ్మదగ్గ ఒక పొడుగాటి అర్థంలేని పదం. ప్రతి భాగానికీ పైన సొంత హెడర్లు, అంటే ఆ భాగం గురించి చెప్పే లైన్లు, ఉంటాయి. ఫైలున్న భాగంలో మొదటి హెడరు ఇలా ఉంటుంది (తెలుగు లిపిలో రాస్తున్నాను):

కంటెంట్-డిస్పొజిషన్: ఫామ్-డేటా; నేమ్="పత్రం"; ఫైల్‌నేమ్="రేషన్ కార్డు.పీడీఎఫ్"

దాని కింద ఫైలు రకం చెప్పే ఇంకో లైను, ఆ తర్వాత ఒక ఖాళీ లైను, ఆపైన ఫైలు. అంతే.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి, ముందు ముందు వాదనంతా దీని మీదే నిలబడుతుంది. ఈ హెడరు హెచ్‌టీటీపీ హెడరు కాదు. చూడ్డానికి అలాగే ఉంటుంది కానీ ఇది బాడీ లోపల ఉన్న హెడరు. దారిలో ఉండే ప్రాక్సీలకీ, లోడ్ బ్యాలెన్సర్లకీ మామూలుగా ఇది ఫైలులో మిగతా బైట్లలాగే కొన్ని బైట్లు. దాన్ని విప్పి చదివేది చివరికి మన సర్వర్ ప్రోగ్రామే. కాబట్టి ఎలా చదవాలో తేల్చుకునేదీ మనమే.

మరి ఆ కొటేషన్ గుర్తుల మధ్య ఏముంటుంది? ప్రపంచ భాషల అక్షరాలకి నంబర్లిచ్చే యూనికోడ్‌లో తెలుగుకి కేటాయించిన ప్రతి గుర్తూ, ఆ నంబర్లని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు తీసుకుంటుంది. "రేషన్" అంటే ర, ఏత్వం, ష, న, పొల్లు: అయిదు గుర్తులు. "కార్డు" అంటే క, దీర్ఘం, ర, పొల్లు, డ, కొమ్ము: ఆరు. మొత్తం 11 గుర్తులు, 33 బైట్లు. మధ్యలో ఖాళీకి ఒకటి, చివర చుక్కతో కలిపి పీడీఎఫ్‌కి నాలుగు. వెరసి 38 బైట్లు. ఫారం ఉన్న పేజీ యూటీఎఫ్-8లో ఉంటే నేటి బ్రౌజర్లన్నీ ఈ 38 బైట్లనీ ఉన్నవి ఉన్నట్టు అక్కడ పెట్టేస్తాయి. ఇది ఫలానా ఎన్‌కోడింగ్ అని చీటీ ఏమీ అంటించవు. పేజీయే యూటీఎఫ్-8లో లేకపోతే సంగతి వేరు. అప్పుడు బ్రౌజరుకి తెలుగు అక్షరం పెట్టే దారి లేక దాని నంబరు పెడుతుంది, "రేషన్" కాస్తా రేషన్ అయి చేరుతుంది. డేటాబేసులో ఇలాంటి నంబర్ల వరసలు కనిపిస్తే సర్వర్‌ని తిట్టకండి, ముందు పేజీని చూడండి.

పంపే వైపు ఇంతే. గొడవంతా చదివే వైపు.

సర్వర్ వాడే లైబ్రరీ, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్, ఆ 38 బైట్లని లాటిన్-1 అనుకుని చదివిందనుకోండి. లాటిన్-1 అంటే 1987లో పశ్చిమ ఐరోపా భాషల కోసం ఖాయం చేసిన ప్రమాణం; ఒక బైటుకి ఒక అక్షరం. తెలుగు గుర్తుల మూడు బైట్లలో మొదటిది ఎప్పుడూ ఈ0 (బైటు విలువని 0-9 అంకెలూ, ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలతో, పదహారు ఆధారంగా రాసే తీరు ఇది). లాటిన్-1లో అది నెత్తిన వాలుగీత ఉన్న చిన్న రోమన్ "ఏ". రెండో బైటు బి0 గానీ బి1 గానీ అవుతుంది. బి0 అయితే డిగ్రీ గుర్తు °, బి1 అయితే ±. అచ్చులు, హల్లులు, దీర్ఘం, గుడి వరకూ డిగ్రీ కోవలోకి వస్తాయి. గుడిదీర్ఘం నుంచి కొమ్ములు, ఏత్వాలు, ఓత్వాలు, పొల్లు దాకా అన్నీ ± కోవలోకి. అందుకే చెడిపోయిన తెలుగు పేరుని దూరం నుంచే గుర్తుపట్టేయొచ్చు: వాలుగీత "ఏ" పక్కన ఒకసారి °, ఒకసారి ±, పేరు పొడుగునా అదే తంతు. హిందీకి మూడు బైట్లే అయినా రెండో బైటు వేరు కాబట్టి ఆ చెత్త వేరేలా కనిపిస్తుంది. కొన్నాళ్ళు ఈ పనిలో ఉంటే ఏ భాష పాడైందో చెత్తని చూసి చెప్పడం వచ్చేస్తుంది. పనికొచ్చే విద్యే, గొప్పగా చెప్పుకునేదేం కాదు.

అచ్చమైన లాటిన్-1గా చదివితే పోయిందేమీ లేదు. ఒక్కో బైటు ఒక్కో అక్షరమైంది కాబట్టి వెనక్కి తిప్పి మళ్ళీ యూటీఎఫ్-8గా చదివితే "రేషన్ కార్డు" తిరిగొస్తుంది. అసలు ప్రమాదం విండోస్-1252తో. లాటిన్-1కి మైక్రోసాఫ్ట్ చేసుకున్న ఈ పొడిగింపులో అయిదు బైట్లకి అక్షరమే లేదు: 81, 8డి, 8ఎఫ్, 90, 9డి. ఇప్పుడు తెలుగు గుర్తుల చివరి బైట్లు చూడండి. కొమ్ము ఈ0-బి1-81. పొల్లు ఈ0-బి1-8డి. మన మాటలు ఎక్కువ భాగం అచ్చుతో ముగుస్తాయి, అందులో ఉకారం వాటా పెద్దది. సంయుక్తాక్షరం ఏది రాసినా లోపల పొల్లు ఉండి తీరాలి. తెలుగులో పదే పదే వచ్చే రెండు గుర్తులు సరిగ్గా ఆ ఖాళీ గళ్ళలోనే పడ్డాయి! ఆ బైట్లు కనిపిస్తే ప్రోగ్రాములు రాసే భాషల్లో పైథాన్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది, జావా అయితే ప్రశ్నార్థకమున్న నల్ల డైమండు పెట్టి ముందుకెళ్ళిపోతుంది. అక్కడితో ఆ బైటు పోయింది. "రేషన్ కార్డు"లో రెండు పొల్లులు, ఒక కొమ్ము. 11 గుర్తుల్లో మూడు గల్లంతు. "తెలుగు" అన్న మాటలోనే రెండు కొమ్ములు పోతాయి. ఎంత ప్రయత్నించినా ఇక వెనక్కి రావు.

ఇదేదో ఊహించి చెప్తున్నది కాదు. జావా 18 వచ్చేదాకా, అంటే 2022 దాకా, ఎన్‌కోడింగ్ విడిగా చెప్పకపోతే జావా ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడిగి తెలుసుకునేది. ఇండియా ఇంగ్లీషు సెట్టింగుతో ఉన్న విండోస్ సర్వర్‌ని అడిగితే అది చెప్పేది విండోస్-1252 అనే. జావాలో ఫైళ్ళ ఎక్కింపుకి ఏళ్ళ తరబడి అందరూ వాడిన అపాచీ కామన్స్ ఫైల్‌అప్‌లోడ్‌లో హెడర్ ఎన్‌కోడింగ్ చెప్పడానికి ఒక ఫంక్షన్ ఉంది. రిక్వెస్టులోనూ చెప్పక, ఇక్కడా చెప్పకపోతే అది సిస్టమ్ డిఫాల్టునే పట్టుకుంటుంది. ఒక్క లైను రాస్తే పోయేది. ఆ ఒక్క లైను రాయని చోట "ఇంగ్లీషులో పేరు పెట్టండి" అనే లైను పుట్టింది.

"చీటీ అంటించకుండా పంపడమే తప్పు కదా, ఏ ఎన్‌కోడింగో బ్రౌజరే చెప్పాలి కదా?" అని అడిగేవాళ్ళున్నారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. నేను ఒప్పుకోను. ఎందుకో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

బ్రౌజరు నుంచి ఫైలు ఎక్కించవచ్చన్న ఆలోచనని కాగితం మీద పెట్టింది 1995 నవంబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1867 (ఇంటర్నెట్ పద్ధతులని రాసిపెట్టే నంబరు పత్రాలే ఆర్‌ఎఫ్‌సీలు). రాసినవాళ్ళు జిరాక్స్‌లో పనిచేసే ఎర్నెస్టో నెబెల్, లారీ మసింటర్. (పీహెచ్‌పీ సోర్సులో అప్‌లోడు పని చూసే ఫైలు పేరు ఈనాటికీ ఆ నంబరే.) ఈమెయిల్ కోసం తయారైన మైమ్ పద్ధతిని వాళ్ళు యథాతథంగా వెబ్‌కి తెచ్చుకున్నారు. ఇంగ్లీషు కాని ఫైలు పేర్ల గురించి అందులో ఉన్నది ఒకటే వాక్యం: పేరు ఆస్కీలో, అంటే ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ మామూలు గుర్తులూ మాత్రమే ఉన్న పాత పట్టికలో, లేకపోతే దాన్ని ఉజ్జాయింపుగా మార్చి పంపొచ్చు, లేదా ఈమెయిల్ సబ్జెక్టుల్లో వాడే పద్ధతిలో ఎన్‌కోడ్ చేయొచ్చు. ఉజ్జాయింపుగా! నెట్ సెంటర్ కుర్రాడు చేస్తున్నది ప్రమాణం ప్రకారమే అన్నమాట.

1998లో దాని స్థానంలో ఆర్‌ఎఫ్‌సీ 2388 వచ్చింది. ఉజ్జాయింపు అలాగే ఉండిపోయింది, రెండో దారి మారింది: ఆర్‌ఎఫ్‌సీ 2231 పద్ధతి. అందులో ఫైల్‌నేమ్ అన్న మాట పక్కన ఒక నక్షత్రం గుర్తు పెట్టి, ముందు ఎన్‌కోడింగ్ పేరు, తర్వాత కావాలంటే భాష పేరు, ఆ తర్వాత ఒక్కో బైటుకీ శాతం గుర్తుతో రెండేసి అంకెలు రాయాలి. తెలుగు గుర్తు ఒక్కటి తొమ్మిది అక్షరాలవుతుంది. "స్త్రీ" అన్న ఒక్క అక్షరంలో ఆరు గుర్తులున్నాయి, కాబట్టి 54. పేరు మరీ పొడుగైతే ముక్కలు చేసి నంబర్లు వేసే ఏర్పాటు కూడా అందులో ఉంది.

ఇంత తతంగం ఈమెయిల్‌కి అవసరమైంది. అక్కడ దారిలో ఉన్న పాత మెయిల్ సర్వర్లు బైటులో ఎనిమిదో బిట్టుని కొట్టేసేవి, లైను పొడుగుకి హద్దులుండేవి. హెచ్‌టీటీపీ బాడీకి ఆ బాధల్లో ఒక్కటీ లేదు. ఫోటోలూ వీడియోలూ ముడి బైట్లుగా వెళ్తున్న గొట్టంలో పేరుకి మాత్రం ఏడు బిట్ల ఆంక్ష దేనికి? బ్రౌజర్ల వాళ్ళు ఈ ప్రశ్న వేసుకున్నారో లేదో తెలియదు గానీ, నక్షత్రం పద్ధతిని అప్‌లోడుల్లో పట్టించుకోలేదు. ముడి బైట్లే పంపుతూ వచ్చారు. చివరికి 2015 జులైలో అదే లారీ మసింటర్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 7578 వచ్చి, నక్షత్రం ఉన్న ఫైల్‌నేమ్‌ని మల్టీపార్ట్ ఫామ్-డేటాలో వాడనే కూడదని తేల్చి చెప్పింది. వాడకపోతే మంచిది అనలేదు, వాడరాదు అంది. ఇరవయ్యేళ్ళు పట్టినా తాను మొదలుపెట్టిన చిక్కుని తానే విప్పాడు.

ఆ పత్రం నాకు పూర్తిగా నచ్చిందా అంటే లేదు. పేర్లు సాధారణంగా యూటీఎఫ్-8లో ఉంటాయని గమనించినట్టు రాసిందే తప్ప, ఉండి తీరాలని రాయలేదు. పైగా పాత సిస్టాల కోసం శాతం గుర్తులతో ఎన్‌కోడ్ చేసినా చేయొచ్చని ఒక కిటికీ తెరిచి పెట్టింది. బ్రౌజర్లు ఆ కిటికీ వైపు చూడలేదు కాబట్టి సరిపోయింది.

ఇక నక్షత్రం ఎందుకు పోవాల్సిందేనని నేను అంటున్నానంటే, నక్షత్రం ఉన్నది పంపేవాళ్ళు పాతవాళ్ళ కోసం నక్షత్రం లేనిదీ పంపుతారు. ఒక్క హెడరులో ఒకే ఫైలుకి రెండు పేర్లు. ముందు నిలబడ్డ ఫైర్‌వాల్ ఒక పేరు చూసి "బొమ్మే, పోనీ" అంటుంది. వెనకున్న సర్వర్ రెండో పేరు చదివి దాన్ని ప్రోగ్రాముగా దాచుకుంటుంది. ఫిల్టర్లని దాటడానికి దాడిచేసేవాళ్ళు నిజంగా వాడే ఎత్తే ఇది. చీటీ అంటించడం శుభ్రత అనుకుంటాం, రెండు చీటీలు అంటించే వీలుంటే అది కన్నం.

రెండోది, యూటీఎఫ్-8కి చీటీ అక్కర్లేదు. ఏ బైటు తర్వాత ఏ బైటు రావచ్చో దాని నిర్మాణంలోనే ఉంది. ఈ0 వచ్చిందంటే తర్వాత రెండు బైట్లు ఫలానా హద్దుల్లో ఉండి తీరాలి. నిజమైన ఫ్రెంచి పేరుని లాటిన్-1లో పంపితే అది యూటీఎఫ్-8గా చెల్లడం దాదాపు జరగదు. కాబట్టి సర్వర్ చేయాల్సింది సులువు: ముందు యూటీఎఫ్-8గా కచ్చితంగా చదివి చూడు, చెల్లకపోతేనే వేరేది అనుకో. ఈ వరస తిరగేసి ముందు లాటిన్-1 అనుకుంటే, అది దేన్నీ కాదనదు. ఏ బైటు ఇచ్చినా ఏదో ఒక అక్షరం చూపిస్తుంది. తప్పు జరిగిందని ఎవరికీ తెలియదు, ఎర్రర్ రాదు, లాగ్‌లో ఏమీ ఉండదు. పేరు మాత్రం పాడవుతుంది.

ఇప్పుడు లైబ్రరీల సంగతి. నోడ్‌జేఎస్ సర్వర్లలో అప్‌లోడులు విప్పడానికి చాలామంది వాడే బస్‌బాయ్ లైబ్రరీలో హెడర్ పరామితుల ఎన్‌కోడింగ్‌కి ఒక ఆప్షన్ ఉంది, దాని డిఫాల్టు లాటిన్-1. ఆ సంగతి డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంది, దాచిందేమీ లేదు. దాని మీద కట్టిన మల్టర్ వాడినవాళ్ళు ఒక వర్షన్ మార్చుకోగానే ఇంగ్లీషు కాని పేర్లన్నీ చెడిపోయి గగ్గోలు పెట్టారు. చైనా, కొరియా, రష్యా వాళ్ళ గోల ఇంటర్నెట్ నిండా కనిపిస్తుంది. మనవాళ్ళది అంతగా కనిపించదు, ఎందుకంటే మన ఫారాల్లో గమనిక ముందే ఉంది కదా. అలా గగ్గోలు పెట్టినవాళ్ళందరికీ దొరికిన చిట్కా ఒకటే: వచ్చిన పేరుని లాటిన్-1 బైట్లుగా వెనక్కి తిప్పి యూటీఎఫ్-8గా మళ్ళీ చదవమని ఒక లైను. పని చేస్తుంది. కానీ ఆ లైను లెక్కలేనన్ని ప్రాజెక్టుల్లో పాతుకుపోయాక రేపు లైబ్రరీవాళ్ళు డిఫాల్టుని యూటీఎఫ్-8కి మారిస్తే? అప్పటికే సరిగ్గా ఉన్న తెలుగుని ఈ లైను ముక్కలు చేస్తుంది. అందుకని కట్టు కట్టొద్దు, ఆప్షన్ మార్చండి. మల్టర్ ఆ ఆప్షన్‌ని బయటికి ఇవ్వని వర్షన్‌లో ఇరుక్కుని ఉంటే కనీసం ఆ లైను పక్కన ఎందుకు పెట్టారో రాసి పెట్టండి.

పంపే వైపు ప్రోగ్రాములూ ఆలస్యంగానే దారికొచ్చాయి. పైథాన్‌లో రిక్వెస్ట్స్ అనే లైబ్రరీ కింద ఉండే యూఆర్ఎల్‌లిబ్3, 2019లో వచ్చిన 1.25 వర్షన్ దాకా నక్షత్రం పద్ధతిలోనే పంపేది. బ్రౌజరు నుంచి ఎక్కిస్తే బాగుండే ఫారం, స్క్రిప్టు నుంచి ఎక్కిస్తే పేరే లేదన్నట్టు ప్రవర్తించడానికి చాలాసార్లు ఇదే కారణం. పేరులోనే కొటేషన్ గుర్తు ఉంటే ఏం చేయాలన్నదాని మీదా బ్రౌజర్లకి చాలాకాలం పొంతన కుదర్లేదు. క్రోమ్, సఫారీ శాతం గుర్తుతో 22 అని పెట్టేవి, ఫైర్‌ఫాక్స్ వెనకగీత (\) పెట్టేది. 2021లో వెబ్ ప్రమాణం శాతం పద్ధతినే ఖాయం చేసింది, 2022 జనవరిలో కర్ల్ అనే ఫైళ్ళు పంపే ప్రోగ్రాము కూడా 7.81.0తో అటే వచ్చింది. శాతం గుర్తుని మాత్రం ఎవరూ మార్చరు కాబట్టి పేరులో నిజంగానే శాతం 22 అని ఉన్నా, కొటేషన్ గుర్తు ఉన్నా ఒకేలా వస్తాయి, తేడా తెలియదు. ఫైలు పేరులో కొటేషన్లు పెట్టేవాళ్ళు ఎంతమంది ఉంటారు గనక, పోనిద్దాం.

నన్ను నిజంగా విసిగించేది దీని తర్వాతి మెట్టు. పేరు సరిగ్గా చదివాక దాన్ని "శుభ్రం" చేస్తారు చూడండి, అది.

పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే ఫ్లాస్క్ వాడేవాళ్ళకి తెలిసిన సెక్యూర్ ఫైల్‌నేమ్ అనే ఫంక్షన్ ఉంది. అది ఆస్కీ కాని ప్రతి అక్షరాన్నీ తీసేసి, మిగిలినదాని అంచుల్లో చుక్కలు కూడా ఊడ్చేస్తుంది. "రేషన్ కార్డు.పీడీఎఫ్" ఇస్తే ఏం మిగులుతుందో ఊహించండి. "పీడీఎఫ్". చుక్క కూడా లేదు, ఎక్స్‌టెన్షనే పేరైపోయింది. ఆధార్, కుల పత్రం, ఆదాయ పత్రం ఏది ఎక్కించినా అన్నిటి పేరూ "పీడీఎఫ్" అవుతుంది. కోడ్ రాసినవాడు ఆ పేరుతోనే డిస్కులో దాచుతుంటే ఒకదాని మీద ఒకటి పడి చివరిది మాత్రమే మిగులుతుంది. ఆ ఫంక్షన్ రాసినవాళ్ళు పేరు ఖాళీ అయిపోవచ్చనీ, ఒకదానితో ఒకటి తగలకుండా చూసుకునే బాధ్యత మీదేననీ డాక్యుమెంటేషన్‌లో హెచ్చరించారు. హెచ్చరికలు చదివేదెవరు?

ఫ్లాస్క్ లాంటిదే అయిన జాంగో ఇంకో రకం. అది యూనికోడ్‌ని గౌరవిస్తుంది, అక్షరాలూ అంకెలూ ఏ భాషవైనా ఉంచుతుంది. అయితే పైథాన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల (అక్షరాల వరసలని వెతికే నమూనాల) లెక్కలో గుణింతపు గుర్తులు అక్షరాలు కావు. దీర్ఘం, ఏత్వం, కొమ్ము, పొల్లు, సున్నా ఏవీ కావు. వాటిని ఏరిపారేసి ఖాళీ స్థానంలో అడ్డగీత పెడుతుంది. "రేషన్ కార్డు" అలా "రషన_కరడ" అవుతుంది. మొదటిసారి చూసినప్పుడు ఎవరో ఒకటో తరగతి పిల్లాడు టైపు చేశాడనుకున్నాను. దీని గురించి యూనికోడ్ వాళ్ళే స్పష్టంగా చెప్పారు: రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో "పదంలో భాగం" అన్న లెక్కలోకి ఈ గుర్తులనీ, అక్షరాలు కలవాలో విడిపోవాలో చెప్పే కనిపించని జాయినర్లనీ చేర్చాలని వాళ్ళ సాంకేతిక ప్రమాణం 18లో సిఫారసు ఉంది. ఇంగ్లీషుకీ, చైనీసుకీ ఈ తేడా తగలదు కాబట్టి అలా సాగిపోతోంది.

జాయినర్లంటే గుర్తొచ్చింది. కంటికి కనిపించని గుర్తులన్నీ ప్రమాదమని మొత్తంగా తీసేసే ఫిల్టర్లు ఇంకో రకం. వాటి భయం అర్థం చేసుకోగలను. కుడి నుంచి ఎడమకి తిప్పే గుర్తొకటి పెట్టి ప్రోగ్రాము ఫైలుని పీడీఎఫ్‌లా చూపించే మోసం నిజంగా ఉంది. కానీ అదే ఊపులో జీరో విడ్త్ నాన్ జాయినర్‌ని కూడా తీసేస్తారు. అప్పుడు "సాఫ్ట్‌వేర్" వెళ్ళి "సాఫ్ట్వేర్" అవుతుంది. తేడా చూస్తేనే తెలుస్తోంది కదా. పేరు మార్చే హక్కు ఆ ఫిల్టరుకి ఎవరిచ్చారు?

ఇక్కడ భద్రతవాళ్ళు అడ్డొస్తారు, వాళ్ళ మాటలో సగం నిజం. వాడుకదారు ఇచ్చిన పేరుతో డిస్కులో ఫైలు రాయకండి, సొంతంగా పేరు పుట్టించుకోండి అని వెబ్ భద్రత మీద సలహాలిచ్చే ఓవాస్ప్ సంస్థ చెప్తుంది. అక్షరాలా పాటించాల్సిన మాట. వాడుకదారు పేరు ఉంచక తప్పకపోతే అనుమతించిన అక్షరాలకే పరిమితం చేయమని కూడా అంటుంది. మొదటిది పాటిస్తే రెండోదానికి నూటికి తొంభై చోట్ల పనే ఉండదు. డిస్కు మీద పేరు అంకెల చిట్టా అయితే "రేషన్ కార్డు" అన్నది డేటాబేసులో ఒక గడిలో ఉండే మామూలు వాక్యం, అంతే. అర్జీదారు పేరుని ఎలా దాస్తున్నామో దాన్నీ అలాగే దాచొచ్చు. అర్జీదారు పేరు ఇంగ్లీషులోనే రాయమని ఎవరూ అడగడం లేదుగా. అందులోంచి తీసేయాల్సినవి పరిమితం: ఫోల్డర్లని విడదీసే దారి గీతలు రెండు రకాలు (/, \), కంట్రోల్ అక్షరాలు, దిశ తిప్పే గుర్తులు. మిగతా ప్రపంచాన్ని వదిలేయండి.

ఇలా విడదీస్తే ఇంకో చిక్కు కూడా పోతుంది. లైనక్స్‌లో ఫైలు పేరుకి 255 బైట్లే హద్దు, అంటే 85 తెలుగు గుర్తులు. శాతం గుర్తులతో మార్చి దాచే తెలివైనవాళ్ళకైతే 255ని 9తో భాగిస్తే 28. మన ప్రభుత్వ పత్రాల పేర్లకి 28 గుర్తులు ఏ మూలకి సరిపోతాయి!

తిరిగి దింపేటప్పుడు మాత్రం నక్షత్రం వాడాలి. అదే కంటెంట్-డిస్పొజిషన్, కానీ ఈసారి నిజమైన హెచ్‌టీటీపీ హెడరు. దానికి 2011లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6266 ప్రకారం నక్షత్రం ఉన్న ఫైల్‌నేమే సరైన దారి, నేటి బ్రౌజర్లన్నీ అర్థం చేసుకుంటాయి. ఎక్కేటప్పుడు నిషేధం, దిగేటప్పుడు ఆనవాయితీ. ఒకే పేరున్న హెడరుకి ఇలా ఎదురుబొదురు నియమాలు పెట్టినవాళ్ళని తిట్టుకోవచ్చు, నేనూ తిట్టుకుంటాను. బయటి హెడర్లకి లాటిన్-1 చరిత్ర ఉంది, లోపలి హెడర్లకి అది అక్కర్లేదు. తేడా అక్కడిది.

ఇంత జరుగుతున్నా జనం ఎందుకు అడగరంటే, డీటీపీ రోజుల అలవాటు ఒక కారణమని నా అనుమానం. అనూ ఫాంట్ల కాలంలో ఫైలు లోపల ఎంత తెలుగున్నా బయట పేరు ఇంగ్లీషులోనే పెట్టాల్సి వచ్చేది. పేరుని చూపించేది సిస్టమ్ ఫాంటు, దానికి అనూ సంగతి తెలియదు. ఆ కాలంలో అది నిజమైన ఇబ్బంది. యూనికోడ్ వచ్చి ఫోన్లలో అమ్మమ్మలు కూడా తెలుగులో టైపు చేస్తున్నా ఆ ఇబ్బంది తాలూకు అలవాటు పోలేదు. కొత్త ఫారం చేసే ప్రతివాడూ పాత ఫారంలోని గమనికని కాపీ కొట్టి పెడతాడు, అది అవసరమో కాదో ఎవరూ పరీక్షించరు.

పరీక్షించడానికి అయిదు నిమిషాలు పట్టదు. నేను ఏ అప్‌లోడు కోడ్ చూసినా మూడు ఫైళ్ళు ఎక్కిస్తాను. ఒకటి "స్త్రీ శిశు సంక్షేమం": పొల్లులు, కొమ్ములు, ఖాళీలు, సున్నాలు అన్నీ ఉన్నాయి, ఎన్‌కోడింగ్ తప్పైనా ఫిల్టరు తప్పైనా బయటపడుతుంది. రెండోది "సాఫ్ట్‌వేర్ బిల్లు", నాన్ జాయినర్ కోసం. మూడోది "హైదరాబాద్", ఇది పాత మ్యాక్ డిస్కు మీంచి తెచ్చినదై ఉండాలి. తెలుగులో ఐత్వం ఒక్కటే యూనికోడ్ ప్రకారం రెండు ముక్కలుగా విడిపోగల గుర్తు, ఎత్వమూ కింది ఐత్వపు గుర్తూ. హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ అనే పాత మ్యాక్ పద్ధతిలో ఉన్న డిస్కు పేర్లని అలా విడదీసే దాచుతుంది. బ్రౌజరు మళ్ళీ కలపకపోతే కంటికి ఒకేలా కనిపించే రెండు "హైదరాబాద్"లు వస్తాయి, వెతికితే ఒకటి దొరకదు. దాచేముందు ముక్కల్ని కలిపి రాసే ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి మార్చుకుంటే చాలు. ఈ మూడూ ఎక్కి, జాబితాలో కనిపించి, మళ్ళీ దింపుకుంటే అదే పేరుతో దిగితే ఆ గమనికని పేజీలోంచి తీసేయమని టికెట్, అంటే పని అప్పగించే చీటీ, రాస్తాను. దిగకపోతే ఆ టికెట్ సర్వర్ టీమ్‌కి వెళ్తుంది.